సాసేజీ పొట్టలో ఏముంది?

విశాఖపట్నం: నగరంలోని పెద్ద దుకాణాల మంచు పెట్టెల్లో చికెన్ సాసేజీల పొట్లాలు కనిపిస్తాయి. పని మీద నగరానికి వెళ్లిన పల్లెవాసులూ పిల్లల కోసం వాటిని కొంటున్నారు. ఎముక ఉండదు, వండే శ్రమ ఉండదు. అయితే అందులో ఉన్నదంతా కోడి మాంసమేనా?

కాదు. కండ తీసేశాక కోడి గూటికి అంటుకుని మిగిలిన మాంసాన్ని కొన్ని కర్మాగారాల్లో యంత్రంతో నొక్కి ముద్దగా తీస్తారు. ఆ ముద్దను, కొంత కండను, చర్మాన్ని, కొవ్వును కలిపి మెత్తగా రుబ్బుతారు. రుబ్బేటప్పుడు వేడెక్కకుండా ఐసు వేస్తారు. ఆ నీరూ తూకంలో కలుస్తుంది. ముద్ద గట్టిపడటానికి పిండి, సోయా వాడతారు. ఉప్పు, మసాలా సరేసరి.

ఈ ముద్దను గొట్టాల్లో కూరి ఉడికిస్తారు. గొట్టం కొన్నింటికి గొర్రె లేదా పంది పేగు. కొన్నింటికి పశువుల తోలు నుంచి తీసిన కొలాజెన్. మరికొన్నింటిని మొక్కల పీచు గొట్టంలో ఉడికించి, తర్వాత దాన్ని వలిచేస్తారు.

ఇందులో అసహ్యపడవలసింది లేదు. పల్లెల్లో మేకను కోస్తే తలకాయ, కాళ్లు, బోటి ఏదీ పారేయరు. అయితే అక్కడ కోసేది కళ్లెదుటే జరుగుతుంది. సాసేజీకి ఆ వీలు లేదు. మన రాష్ట్రానికి ఈ వ్యాపారం కొత్తదీ కాదు. కృష్ణా జిల్లా గన్నవరంలో దశాబ్దాల క్రితమే ప్రభుత్వం పంది మాంసం కర్మాగారం పెట్టింది.

అసలు చూసుకోవలసింది సోడియం నైట్రైట్. మాంసానికి గులాబీ రంగు నిలిపేదీ, బొటులినమ్ అనే విషక్రిమిని పెరగనివ్వనిదీ ఇదే. లాటిన్‌లో బొటులస్ అంటే సాసేజీ. 19వ శతాబ్దం తొలి రోజుల్లో జర్మనీలో సాసేజీలు తిని జనం చనిపోవడంతో ఆ జబ్బుకు ఆ పేరు వచ్చింది. మందు అవసరమే గాని, మోతాదు మించకూడదు. ఇటువంటి మాంసం రోజుకు 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో ప్రకటించింది. ఎప్పుడో ఒకసారి తినడం వేరు, పిల్లలకు రోజూ పెట్టడం వేరు.

కొనేవారికి పొట్లం మీది చీటీయే ఆధారం. ఏది ఎక్కువ బరువు ఉంటే దాన్ని ముందు రాయాలన్నది నిబంధన. మాంసం తర్వాత నీరు, పిండి ఉంటే సంగతి అర్థమవుతుంది. 250 అన్న అంకె నైట్రైట్‌కు గుర్తు. 14 అంకెల లైసెన్సు నెంబరు ఉండాలి. ఇంగ్లీషు రాకపోతే చదువుకునే పిల్లల చేత చదివించుకోవచ్చు.

ఇక పొట్లాన్ని సున్నాకు దిగువన 18 డిగ్రీల చలిలో ఉంచాలి. ఎండలో బస్సులో గంటసేపు వస్తే మంచు కరుగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు. అటువంటప్పుడు కరిగి, మళ్లీ గడ్డకట్టిన పొట్లం పైకి బాగానే కనిపిస్తుంది. లోపల మంచు పేరుకున్నా, ముక్కలు ఒకదానికొకటి అంటుకుపోయినా కొనకపోవడం మేలు.