దీవిలో నిక్షేపాన్వేషణము



కార్తికమాసము సమీపించినంతనే మన గృహములలో వనభోజనముల ప్రసంగము బయలుదేరును. ఉసిరికచెట్టు నీడ, విస్తళ్లు, పిల్లల కేరింతలు అన్నియు మనోహరములే. కాని యా దినమున గృహిణి చేయు పని యేమి? ఇంటిలో వండునది తోటలో వండును. వంటయింట వడ్డించునది చెట్టుక్రింద వడ్డించును. పురుషులు చీట్లాడుదురు, బాలురు పరుగులెత్తుదురు. ఆమె పొయ్యియొద్దనుండి లేచుసరికి ప్రొద్దు వాలియుండును. స్థలము మాఱినది గాని పని మాఱలేదు. అట్టి విహారమున స్త్రీలును బాలబాలికలును సమముగా పాల్గొనదగిన యొక క్రీడను గూర్చియు, దానిని నదీమధ్యమందలి దీవిలో జరుపదలచినచో ముందుగా చేయవలసిన యేర్పాట్లను గూర్చియు విన్నవించెదను.

ఈ క్రీడకు జియోకాషింగ్ అని పేరు. మనము నిక్షేపాన్వేషణ మనవచ్చును. ఒకరు చిన్న పెట్టె నెచ్చటనో దాచి, ఆ చోటి యక్షాంశ రేఖాంశములను మాత్రము తెలుపుదురు. తక్కినవారు చేతిఫోనులోని దిక్సాధనము చూచుకొనుచు పోయి దానిని కనుగొందురు. పెట్టెలో నొక చిన్న పుస్తకముండును. కనుగొన్నవారందు పేరును తేదీని వ్రాసి, పెట్టెను యథాస్థానమున నుంచవలెను. అందలి బొమ్మనో పూసలనో తీసికొనినచో, సమానమైన విలువగల మఱియొక వస్తువు నుంచవలెను. పుచ్చుకొనుటతోపాటు ఇచ్చుటయు నేర్పు ఆట యిది.

దీని పుట్టుక యీ శతాబ్దపు టారంభముననే జరిగినది. అమెరికా ప్రభుత్వము తన యుపగ్రహముల సంకేతములు సామాన్యజనులకు కొంత తప్పుగా నందునట్లు బుద్ధిపూర్వకముగా చేసెడిది. 2000 మే నెలారంభమున నా యడ్డు తొలగింపబడెను. వెంటనే, మే 3వ తేదీని, ఆరెగాన్ రాష్ట్రమున డేవ్ అల్మర్ అనునాతడు ఒక బకెట్టు నడవిలో కొంత పూడ్చిపెట్టి, దాని స్థానమును ప్రకటించెను. తొలి నిక్షేప మదియే. పూడ్చుటను మాత్రము నేటి క్రీడానియమములు నిషేధించుచున్నవి. మన దేశమును తనదైన దిక్సూచకోపగ్రహములను 2013 జులై 1వ తేదీనుండి శ్రీహరికోటనుండి పంపనారంభించినది. ఆ యేర్పాటునకు 2016లో నావిక్ అని పేరిడిరి.

“అంకెలన్న మాకు భయము” అను సోదరీమణులు పలువురు కలరు. చుక్కలు లెక్కించి, అడ్డవరుస యెన్ని, నిలువువరుస యెన్ని యని చూచి ముగ్గు పెట్టు చేతికి ఈ లెక్క యొక లెక్కయా? భూమిమీద గీచిన నిలువు గీతలు రేఖాంశములు, అడ్డగీతలు అక్షాంశములు. దాచినపెట్టె యొక చుక్క. జ్యోతిషగ్రంథములలో అంశకు 60 కలలని చదివినదే యిచ్చటను వర్తించును. ఈ క్రీడలో స్థానమును అంశలలోను కలలలోను చెప్పి, కలను వేయిభాగములుగా విభజింతురు. అక్షాంశమున నొక కల సుమారు 1,850 మీటర్లు. కావున దశాంశబిందువునకు తరువాతి మూడవ యంకెలో నొకటి తప్పిన రెండు మీటర్ల లోపుగానే దూరము తప్పును. మొదటి యంకెలో నొకటి తప్పినచో 185 మీటర్లు తప్పును. దీవిలో నంత తప్పిన నీటిలోనికి దారిచూపినట్లే. అందుచేత అంకెలను ఒకరు చదువగా నొకరు వ్రాసి, మఱల సరిచూచుకొనవలెను. చెట్లు దట్టముగా నున్నచోట ఫోను పది మీటర్లు తప్పి చెప్పినను ఆశ్చర్యము లేదు. దగ్గఱకు పోయిన పిమ్మట తెరను విడిచి, కన్నులతో వెదకవలెను. ఉపగ్రహసంకేతము లందుటకు ఫోను కంపెనీవారి తంతి యవసరము లేదు గాని, పటమును మాత్రము ఇంటియొద్దనే ఫోనులో భద్రపఱచుకొనవలెను.

ఇక దీవి విషయము. ఉదాహరణముగా విజయవాడయొద్ద, 1957లో పూర్తియైన ప్రకాశము ఆనకట్ట కెగువను, కృష్ణామధ్యమున నున్న భవానీదీవిని తలంతము. సుమారు 130 ఎకరముల నేల. చెట్లు, బాటలు కలవు. కాని నది యెల్లకాలము నొక్కతీరున నుండదు. 2024 సెప్టెంబరు ఆరంభమున నా యానకట్టయొద్ద సెకనుకు 11.43 లక్షల ఘనపుటడుగుల నీరు ప్రవహించెను. దీవియు నీట మునిగెను. శ్రావణ భాద్రపదములలో దీవివిహారము తలపెట్టరాదు. తరువాతి మాసములందును, బయలుదేరు ముందు ఎగువ జలాశయములనుండి నీరు వదలుచున్నారేమో, దీవికి ప్రవేశము కలదో లేదో విచారింపవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది పడవ. 2017 నవంబరు 12వ తేదీ కార్తికమాసపు టాదివారము. ఆ సాయంకాలము కృష్ణానదిలో పవిత్రసంగమము సమీపమున విహారపు పడవ బోల్తాపడి యిరువదిమందికి పైగా మరణించిరి. ఆ పడవకు తగిన యనుమతి లేదు. 2019 సెప్టెంబరు 15వ తేదీని గోదావరిలో కచ్చులూరుయొద్ద, నది వరదలో నుండగా పాపికొండలకు పోవుచున్న పడవ మునిగి యెందఱో ప్రాణములు కోల్పోయిరి. వారందఱును మనవలెనే వేడుకకు బయలుదేరినవారే.

కావున పర్యాటక సంస్థవారి పడవనో, అనుమతిపత్రముగల పడవనో తప్ప నెక్కరాదు. ఎందఱికి అనుమతి కలదో యడిగి తెలిసికొని, అంతకు మించిన మఱియొక పడవకు వేచియుండవలెను. ప్రాణరక్షక కవచము ప్రతివారికిని ఉండవలెను. పిల్లలకు పిల్లల కొలతది కావలెను. పెద్దది తొడిగిన బిడ్డ నీటబడినచో నది తలమీదుగా జాఱిపోవును. పడవ యెక్కకమునుపే బిగించి, దిగినపిదపనే విప్పవలెను. ఫోటోలకొఱకు అందఱు నొక్క ప్రక్కకు చేరరాదు. కార్తికమాసపు టాదివారముల రద్దీని విడిచి, మార్గశిరమున నొక శనివారము పోయిన దోషమేమియు లేదు.

ఈ నియమములన్నియు నెఱిగినవారే రేవుకడ వానిని మఱచుచున్నారు. దానికి కారణము కలదు. ఇరువదిమంది వచ్చియుందురు, పిల్లలు తొందరపడుచుందురు, “పదినిమిషముల ప్రయాణమే గదమ్మా” యని యెవరో యందురు. అప్పుడు వలదనుటకు నోరు రాదు. అందుచేత వలదను నధికారమును ఇంటియొద్దనే యొకరికి అప్పగింపవలెను. ఆమె పెద్దదైనను చిన్నదైనను, కోడలైనను సరియే. ఆమె “నేడు పడవ యెక్కవలదు” అన్నచో అత్తగారును, మగవారును మాఱుపలుకరాదని ముందుగా నొప్పందము కావలెను. ఆమె మాట నిలుచుటకు మఱియొక యుపాయము: పెట్టెల జాబితాలు రెండు సిద్ధముచేయుడు. ఒకటి దీవికి, రెండవది ఈవలి యొడ్డుననున్న తోటకు. పడవ యెక్కకున్నను ఆట యాగదని తెలిసిన పిల్లలు ఏడువరు, పెద్దలు మొగమాటపడరు.

జట్లు కూర్చు విధమును రామాయణమునుండియే నేర్చుకొనవచ్చును. సుగ్రీవుడు సీతాన్వేషణమునకు వానరులను నాలుగు జట్లుగా నాలుగు దిక్కులకు పంపుచు, త్రోవలోని నదులను పర్వతములను వర్ణించి, నెలదినముల గడువు విధించెను. దక్షిణమునకు పోయినవారు బిలములో కాలము మఱచి, గడువు మీఱినదని దుఃఖించి ప్రాయోపవేశమునకు సిద్ధపడిరి! మన జట్టున కైదుగురు చాలును. అందిద్దఱు పెద్దలు, ఒకరు వెదకువారితో నుండవలెను, ఒకరు నీటివైపున నిలువవలెను. జట్టున కొక ఫోను, ఒక యీల, ఒక గడియారము. నీటియంచునకు 20 మీటర్ల లోపున పెట్టె దాచరాదు. తిరుగు పడవకు గంటముందుగా నందఱు నొక్కచోట చేరవలెను. పడవ యెక్కునపుడు, దిగునపుడు, చేరికకడ తలలు లెక్కింపవలెను.

పెట్టెలు దాచుటకు దీవి నిర్వహించువారి యనుమతి పొందవలెను. మూతగట్టిదైన, లోపలి వస్తువులు కానవచ్చు డబ్బాయైన మంచిది. పైన “ఆటపెట్టె” యని వ్రాయవలెను. ఊరుపేరులేని మూటను చూచిన నేటికాలమున నెవరికైనను అనుమానము కలుగును. తినుబండారము లుంచరాదు; చీమలును కుక్కలును మనకంటె ముందే కనుగొనును. పుట్టలలో, తొఱ్ఱలలో, చేయిపెట్టవలసిన రాళ్ల సందులలో నుంచరాదు. చెట్టునకు మేకు కొట్టరాదు. ప్రపంచమంతటను ఆడువారు చేర్చుకొను పట్టికలో మన పెట్టెను ప్రకటించినచో, దానిని నెలలతరబడి కనిపెట్టి యుండవలెను. ఒక్క దినపు టాటయైనచో ఎన్ని దాచితిమో అన్నియు లెక్కించి తిరిగి తెచ్చుకొనుటయే మర్యాద.

భోజనవిషయము రెండు మాటలలో చెప్పెదను. దీవిలో పొయ్యి పెట్టరాదు. ఒకరింట పులిహోర, ఒకరింట దద్ధ్యోదనము, ఒకరింట చక్కిలములు, ఒకరింట అరటిపండ్లు. ఎవరి పళ్లెము వారు కడుగుకొనవలెను, పురుషులును. అప్పుడుగదా ఆ దినము స్త్రీకిని విహారదినమగుట!

పెట్టె దొరకకున్నను విచారము లేదు. మఱియొక దినము వెదకవచ్చును. బయలుదేరిన తలలన్నియు సాయంకాలము గడప దాటి లోనికి వచ్చిన, ఆ విహారము ఫలించినట్లే. ఈ వత్సరము మీ వీథిలోని నలుగురు గృహిణులు కూడి, మొదట ఆ “వలదు” అనగల యామె నెన్నుకొనుడు. తక్కిన యేర్పాట్లు పిమ్మట.