అందరూ బాస్‌లే... సంతకం ఎవరిది?

ఇంగ్లీషు - తెలుగు డిక్షనరీ ముందేసుకుని బాస్, చీఫ్, హెడ్, మాస్టర్, మేనేజర్, సూపర్‌వైజర్ అని వెతికితే చివరికి తేలేవి నాలుగే మాటలు. అధికారి, యజమాని, పెద్ద, నాయకుడు. బడిపిల్లలకు అది చాలు, మార్కులు పడిపోతాయి. గల్ఫ్‌లో సైటు మీద ఎండలో పనిచేసే మనవాళ్ళకు మాత్రం చాలదు. ఇక్కడ ఒక్కో మాటకు ఒక్కో హద్దు ఉంది. ఆ హద్దు తెలియకపోతే పోయేది మార్కులు కాదు. జీతం పోతుంది, సెలవు పోతుంది, ఒక్కోసారి వీసానే పోతుంది.

దుబాయ్ చుట్టుపక్కల ఏ సైటుకైనా వెళ్ళి చూడండి. గ్యాంగుకు ముందుండే చార్జ్‌హ్యాండ్ బాస్. అతని పైన ఫోర్‌మన్ బాస్. డిప్లొమా చదివి వచ్చి సూపర్‌వైజర్లుగా తిరిగే మమ్మల్నీ అదే పిలుపు పిలుస్తారు. ఇంజినీరు, ప్రాజెక్టు మేనేజరు, పాస్‌పోర్టుల పని చూసే పీఆర్వో... అందరూ బాస్‌లే. సాయంత్రం కొట్టుకు వెళ్తే అక్కడి కుర్రాడు మనల్నే 'క్యా చాహియే బాస్' అంటాడు. ఇంతమందికి సరిపోయే మాటకు ఇక బరువేం మిగులుతుంది? మాకు తెలిసినంతలో ఆ పేరు ఉద్యోగంలోనే ఉన్నది ఒక్క క్యాంప్ బాస్‌కు. ఆయన చేతిలో ఉండేది మంచం, గది తాళం, మెస్సు, బస్సు. జీతం ఎందుకు రాలేదని ఆయన్ను నిలదీయడమంటే బస్సు కండక్టరును రైలు టిక్కెట్టు అడిగినట్టే.

ఆ మాట పుట్టుక చెప్పుకుంటే సరదాగా ఉంటుంది. అది డచ్చివాళ్ళ మాట, యజమాని అని అర్థం. అమెరికాలో కూలికి పనిచేసేవాళ్ళకు తమ పై వాణ్ణి 'మాస్టర్' అనడం నామోషీగా ఉండేది, బానిసలు పిలిచే పిలుపు కదా అని. అందుకని ఈ మాట పట్టుకున్నారు. తల దించకుండా పిలవడానికి తెచ్చుకున్న మాట అన్నమాట. మనం దాన్ని చేతులు కట్టుకుని అంటున్నాం, అదీ తేడా.

మేస్త్రీకి చుట్టాలు ఎందరో

మనం ఊళ్ళో 'మేస్త్రీ' అంటాం. అది తెలుగు మాటే అనుకుంటాం గానీ పోర్చుగీసు వాళ్ళ నుంచి వచ్చింది. వాళ్ళకు లాటిన్ నుంచి వచ్చింది. ఆ లాటిన్ మాట నుంచే ఇంగ్లీషు 'మాస్టర్' పుట్టింది, దాన్నుంచి 'మిస్టర్' వచ్చింది. అసలు అర్థం పంతులు, నేర్పేవాడు. సైటులో పాకిస్తానీలు, హిందీవాళ్ళు పనితనం ఉన్నవాణ్ణి 'ఉస్తాద్' అంటారు, అరబ్బులు 'ముఅల్లిం' అంటారు. ఆ రెండింటికీ పంతులనే అర్థం. నాలుగు దేశాలవాళ్ళూ పని తెలిసినవాణ్ణి నేర్పేవాడనే పిలుస్తున్నారు. షట్టరింగులో తేడా వస్తే ఇంజినీరు డ్రాయింగు చూస్తాడు, గ్యాంగు మాత్రం ఉస్తాద్ మొహం చూస్తుంది. ఆ పెత్తనానికి కాగితం అక్కర్లేదు. అయితే ఆ పెత్తనంతో సెలవు మంజూరు కాదు!

ఫోర్‌మన్ అంటే ముందు నిలబడే మనిషి. సూపర్‌వైజర్ అంటే పైనుంచి చూసేవాడు, మా పేరు అదే. చూడటం వరకే మా పేరులో ఉంది, ఇవ్వడం లేదు. ఇదే అర్థం వచ్చే మాట మలేషియాలోని మనవాళ్ళ తాతలకు బాగా తెలుసు. కంగాణి. తమిళంలో 'కణ్' అంటే కన్ను, కన్నేసి ఉంచేవాడు కంగాణి. రబ్బరు తోటల కాలంలో ఊరికి వచ్చి మనుషుల్ని కూడగట్టేది, అడ్వాన్సు ఇచ్చేది, తోటలో దగ్గరుండి పని చేయించేది ఆ ఒక్కడే. తన మనుషులు ఎంతమంది పనిలోకి దిగితే అతనికి అంత ముట్టేది. మారిషస్‌లో, నేటాల్ చెరుకు తోటల్లో ఆ స్థానంలో 'సర్దార్' ఉండేవాడు. నైపుణ్యం లేని కూలీలను పంపడం 1938లో భారత ప్రభుత్వం ఆపేయడంతో కంగాణి పద్ధతి ముగిసిందని పుస్తకాల్లో ఉంటుంది. పద్ధతి ముగిసింది సరే... ఊళ్ళో వీసా అమ్మినవాడి తమ్ముడే ఇక్కడ గ్యాంగు మీద ఫోర్‌మన్‌గా ఉన్న సైట్లు మేం చూశాం. అప్పు ఇచ్చినవాడూ, పని చెప్పేవాడూ ఒకే ఇంటివాళ్ళయితే కూలివాడికి నోరెక్కడ లేస్తుంది? మా లెక్కలో అసలు భయపడాల్సిన బాస్ అలాంటివాడు.

'ఓకే' అన్నది ఎవరు?

జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక తాపీమేస్త్రీ సంగతి చెబుతాం. వీసా ఒక లేబర్ సప్లై కంపెనీది. పని మాత్రం ఇంకో పెద్ద కాంట్రాక్టరు సైటులో. బావమరిది అబుదాబిలో ఆసుపత్రి పాలైతే దగ్గర ఎవరూ లేరు. పొద్దున్నే సైటు ఫోర్‌మన్‌ను అడిగాడు. ఆయన 'ఓకే, ఓకే, జావ్' అన్నాడు. తొమ్మిది రోజులు ఉండి వచ్చాడు. అప్పటికే వీసా ఉన్న కంపెనీ, మనిషి కనబడటం లేదని ఫిర్యాదు పెట్టేసింది. 'బాస్ చెప్పాడు సార్' అంటాడు ఇతను. ఏ బాస్ అని అడుగుతారు ఆఫీసులో. ఫోర్‌మన్ అబద్ధమేమీ ఆడలేదు, తాను ఓకే అన్నానని ఒప్పుకున్నాడు. కానీ ఆయన ఓకేకి ఉన్న అర్థం, నా గ్యాంగులో నువ్వు లేకపోయినా నడిపించుకుంటానని. అంతే. సెలవు ఇచ్చే అధికారం ఆయనకు లేదు, ఆయన అసలు ఆ కంపెనీ మనిషే కాదు. ఆ ఫిర్యాదు వెనక్కి తీయించడానికి ఆసుపత్రి కాగితాలు పట్టుకుని నెల రోజులు తిరగాల్సొచ్చింది.

యూఏఈలో 2022 ఫిబ్రవరి 2 నుంచి అమలైన కార్మిక చట్టం ప్రకారం సరైన కారణం చూపకుండా వరసగా 7 రోజులు దాటి పనికి రాకపోతే నోటీసు లేకుండానే తీసేయవచ్చు. అలాంటి చోట 'ఓకే' ఎవరి నోటి నుంచి వచ్చిందన్నది చిన్న విషయం కాదు. అడగాల్సిన ఇంగ్లీషు ముక్క ఒక్కటే. 'హూ విల్ సైన్?' సంతకం ఎవరు పెడతారని. ఇది అడిగితే ఎవరూ కోప్పడరు, మేమూ కోప్పడం. సంతకం కుదరకపోతే కంపెనీ ఆఫీసువాళ్ళకు వాట్సాప్‌లో తేదీలతో ఒక్క లైను పెట్టి జవాబు తెప్పించుకోండి.

మరి మా చేతిలో ఏముంది? పని పంచుతాం. టైమ్‌షీట్ మీద సంతకం చేస్తాం. సేఫ్టీ బెల్టు లేకుండా పైకి ఎక్కితే కిందికి దింపుతాం. ఓవర్‌టైమ్ గంటలు రాసి పంపుతాం గానీ డబ్బు లెక్క కట్టేది ఆఫీసు. 'జీతం కోసేస్తా' అని అరిచే ఫోర్‌మన్లు ఉంటారు. ఆయన చేయగలిగింది పైకి రిపోర్టు రాయడమే. శిక్షగా కోత వేయాలంటే కంపెనీ ఆ తప్పేమిటో కాగితం మీద తెలపాలి, మన సంజాయిషీ వినాలి. పైగా 2009 నుంచి జీతాలు బ్యాంకు, ఎక్స్ఛేంజిల ద్వారా ప్రభుత్వానికి లెక్క కనబడేలా వేసే పద్ధతి వచ్చింది. ఎంత పడిందో ఆ రికార్డులో ఉంటుంది.

ఎంప్లాయర్ ఒకరా, ఇద్దరా?

అన్నిటికన్నా తికమక పెట్టే మాట 'ఎంప్లాయర్'. పెద్ద నిర్మాణాలు చాలావరకు ఫిడిక్ అనే అంతర్జాతీయ సంస్థ రాసిన కాంట్రాక్టు నమూనా మీద నడుస్తాయి. అందులో ఎంప్లాయర్ అంటే భవనం కట్టించుకునే ఆసామి. 'ది ఇంజినీర్' అంటే ఆ ఆసామి నియమించిన కన్సల్టెంటు. సైటంతా ఆయన రాగానే లేచి నిలబడుతుంది. 1999 నాటి ఎర్ర పుస్తకం చూస్తే అంతటి ఇంజినీరుకు కూడా కాంట్రాక్టును మార్చే అధికారం లేదని రాసి ఉంటుంది. కూలివాడి లేబర్ కాంట్రాక్టులో ఎంప్లాయర్ వేరు. అక్కడ ఎవరి పేరుంటే ఆ కంపెనీయే. సైటు బోర్డు మీద ఎంత పెద్ద పేరున్నా మన జీతానికి సంబంధం లేదు.

ఇక కఫీల్, అర్బాబ్. రెండూ ఒకటేనని మనవాళ్ళు వాడేస్తారు. కఫీల్ అంటే జామీను ఉన్నవాడు, పూచీ పడ్డవాడు. అర్బాబ్‌లో ఉన్నది ప్రభువు అనే అర్థం. పూచీ పడ్డవాడు ప్రభువెలా అవుతాడు? బెన్యామిన్ రాసిన మలయాళం నవల 'ఆడుజీవితం' 2008లో వచ్చింది, 2024లో సినిమాగా తెలుగులోనూ ఆడింది. అందులో నజీబ్ ఎడారిలో మేకల మధ్య నలిగిపోతూ 'అర్బాబ్' అని పిలిచిన మనిషి అతని కఫీలే కాదు. విమానాశ్రయం నుంచి ఎత్తుకుపోయినవాడు. పిలుపులో ప్రభువున్నాడు, కాగితంలో మనిషే లేడు. ఖతార్‌లో 2015లో చేసిన 21వ నంబరు చట్టం స్పాన్సర్ అనే మాట తీసేసి 'రిక్రూటర్' అని పెట్టింది. పేరు మారగానే పరిస్థితి మారలేదు. చాలామంది కార్మికులకు దేశం దాటే అనుమతి అడిగే బాధ 2018లో తప్పింది, ఉద్యోగం మారడానికి పాత కంపెనీ అంగీకార పత్రం అడిగే బాధ 2020లో పోయింది. క్యాంపుల్లో ఇప్పటికీ కఫీల్ అనే అంటారు.

యూఏఈలో పాస్‌పోర్టు దగ్గర పెట్టుకునే హక్కు ఈ బాస్‌లలో ఎవరికీ లేదు. కొత్త చట్టం కార్మికుడి పత్రాలు ఆపి ఉంచకూడదని స్పష్టంగా చెప్పింది.

ఇంకో మాట చెప్పాలి. 2016 జనవరి నుంచి యూఏఈలో ఆఫర్ లెటర్ అరబ్బీ, ఇంగ్లీషులతో పాటు కార్మికుడికి తెలిసిన మూడో భాషలో కూడా ఉండాలన్నారు. అప్పుడు ఇచ్చిన భాషల్లో హిందీ ఉంది, తమిళం ఉంది, మలయాళం ఉంది. తెలుగు లేదు. తమిళ తమ్ముడు తన ఎంప్లాయర్ ఎవరో తన భాషలో చదువుకుంటే, మన పిల్లవాడు ఏజెంటు మాట విని వేలు చూపిన చోట సంతకం పెట్టాడు. కాబట్టి పక్క గదిలో చదువుకున్నవాళ్ళుంటే కాంట్రాక్టు తీసుకెళ్ళి చదివించుకోండి. మూడు చోట్ల ఆగి చూడండి. ఎంప్లాయర్ పేరు, ఉద్యోగం పేరు, బేసిక్ జీతం.

బేసిక్ అని ఎందుకంటున్నామంటే, పదవుల పేర్లు ఇక్కడ ఉచితంగా దొరుకుతాయి. 'ఈ రోజు నుంచి నువ్వే ఇన్‌చార్జ్', 'నువ్వు టీమ్ లీడర్', 'యాక్టింగ్ ఫోర్‌మన్'. వినడానికి బాగుంటుంది, ఇంటికి ఫోన్ చేసి చెప్పుకుంటాం. మన దగ్గర ఇన్‌చార్జి మంత్రి అంటే మంత్రే కాబట్టి అదేదో గొప్పదనిపిస్తుంది. సైటులో దాని అర్థం, ఏదైనా తప్పు జరిగితే ముందు నిన్ను అడుగుతామని. పని మానేసేటప్పుడు వచ్చే గ్రాట్యుటీ మొదటి అయిదేళ్ళకు ఏడాదికి 21 రోజుల చొప్పున కడతారు, అదీ బేసిక్ మీదే. బేసిక్ పెరగని లీడర్‌గిరీ ఎన్నేళ్ళు చేసినా ఆ లెక్కలోకి రాదు. లెటర్ ఇవ్వమని అడగండి. ఇవ్వకపోతే హెల్మెట్ రంగు మారినంత మాత్రాన మురిసిపోకండి.

ఎంత పెద్ద బాస్‌కైనా లేని అధికారాలు కొన్ని ఉన్నాయి. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు యూఏఈలో ఎండలో పని ఆపాలి. ఆపడానికి వీల్లేని కొన్ని పనులకు షరతులతో మినహాయింపు ఉంది తప్ప, ప్రోగ్రాం వెనకబడిందని ప్రాజెక్టు మేనేజరు చెప్పినా ఫోర్‌మన్ మనుషుల్ని ఎక్కించకూడదు.

క్రేన్ దగ్గర ఇంకా తమాషా. ఆపరేటరు సంజ్ఞలు ఒక్క మనిషి నుంచే తీసుకోవాలి. అతనే సిగ్నల్‌మన్, కొన్ని సైట్లలో బ్యాంక్స్‌మన్ అంటారు. జీతంలో అతను చాలామందికన్నా కింద. అయినా బరువు గాలిలో ఉన్నంతసేపు ఎత్తు, దించు, తిప్పు అని చెప్పేది అతనే. ఇంజినీరు వచ్చి చెయ్యి ఊపినా ఆపరేటరు కదలకూడదు. కానీ 'ఆపు' అనే సంజ్ఞ మాత్రం ఎవరు చూపినా ఆపాలి. నిన్న దిగిన హెల్పర్ చూపినా సరే. మా సైటులో మన కుర్రాడొకడు కంగారులో 'ఆగు, ఆగు' అని తెలుగులోనే అరిచాడు. క్యాబిన్‌లో ఉన్న ఈజిప్టు ఆపరేటరుకు తెలుగు రాదు, పైకెత్తిన చెయ్యి చూసి ఆపేశాడు. కింద ఇద్దరు మనుషులు ఉన్నారు.