తాళము మనది కానప్పుడు

బీరువాలోని వస్తువులను ముట్టక, దానికి తన తాళమును వేసి, "ఇంత సొమ్ము ఇచ్చినచో తాళపుచెవి ఇత్తును" అని చీటి పెట్టిపోవు దొంగను ఊహింపుడు. కంప్యూటర్లలో ఇట్టి పని చేయు ప్రోగ్రామునకు 'రాన్సమ్‌వేర్' అని పేరు. రాన్సమ్ అనగా బందీని విడిపించుటకు చెల్లించు ధనము. ఇక్కడ బందీలు వ్యాపార సంస్థల లెక్కలు, ఆర్డర్లు, ఆసుపత్రులలోని రోగుల వివరములు.

ఇది నిన్న పుట్టిన విద్య కాదు. 1989లో ఎయిడ్స్ వ్యాధి సమాచారమను పేరుతో సుమారు 20,000 ఫ్లాపీ డిస్కులు తపాలాలో పలు దేశములకు పోయినవి. వానిని వాడిన కంప్యూటరులో కొన్నాళ్లకు ఫైళ్ల పేర్లు తారుమారై, పనామా దేశములోని ఒక తపాలా పెట్టెకు 189 డాలర్లు పంపుమను ప్రకటన కనబడెడిది. అయితే మూయుటకును తెరచుటకును అందులో తాళపుచెవి ఒక్కటే. అది ఆ ప్రోగ్రాములోనే దాగియుండుటచే నిపుణులు వెదకి పట్టుకొని విరుగుడు చేయగలిగిరి.

ఇప్పటి దొంగల పనిలో ఈ లోపము లేదు. 1977లో రివెస్ట్, షమీర్, ఏడెల్‌మన్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు కనిపెట్టిన పద్ధతిలో తాళపుచెవులు రెండు. ఒకటి మూయుటకు, వేరొకటి తెరచుటకు. మూయు చెవి ఎందరి చేతిలోనున్నను దానితో తెరచుట సాధ్యము కాదు. దీని మూలము మన పాఠశాల గణితములోనే యున్నది. 61ని 53చే గుణించి 3233 అని చెప్పుటకు విద్యార్థికి ఒక నిమిషము చాలును. 3233 ఏ రెండు ప్రధాన సంఖ్యల లబ్ధమని అడిగినచో ఒక్కొక్క సంఖ్యతో భాగించి చూడవలసినదే. (ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చేయించవచ్చును; గడియారము చూచుట మరువరాదు.) ఇట్లే ఆరువందల అంకెలుగల సంఖ్యనిచ్చినచో నేటి కంప్యూటర్లకును ఆ పని శక్యము కాకున్నది. బ్యాంకులలో మన సొమ్మును కాపాడుచున్నది ఇట్టి గణితమే. దొంగలును దానినే చేపట్టిరి. వారి ప్రోగ్రాము అప్పటికప్పుడు ఒక తాళపుచెవిని సృష్టించి ఫైళ్లను మూసి, పిమ్మట ఆ చెవినే తమ మూయు చెవితో బంధించును. తెరచు చెవి మాత్రము దొంగయొద్దనే యుండును. కావున చెడిన కంప్యూటరును ఎంత గాలించినను ఫలము లేదు.

2019 మార్చి 19న నార్వే దేశపు అల్యూమినియము సంస్థ నార్స్క్ హైడ్రోకు ఈ ఆపద కలిగెను. 40 దేశములలో 35,000 మంది పనివారుగల సంస్థ అది. మూడు నెలల క్రిందట ఒక ఉద్యోగి, తెలిసిన ఖాతాదారునియొద్దనుండి వచ్చిన ఉత్తరమే గదాయని తెరచుటతో దొంగలకు దారి దొరకెను. ఆ ఉదయమున పనికి వచ్చినవారికి, కంప్యూటర్లను నెట్‌వర్కుకు కలుపవద్దను కాగితపు ప్రకటనలు ద్వారములయొద్ద కనబడెను. లోహమును తయారుచేయు శాలలు చాలవరకు చేతితో నడపబడినవి. లోహమును కోరిన ఆకారములలో ఒత్తితీయు విభాగము మిక్కిలి దెబ్బతినెను. కాగితముమీద పని నడపిన కాలము నెరిగిన పించనుదారులు కొందరు తిరిగివచ్చి సహాయపడిరట! సంస్థ దొంగలకు ధనము చెల్లింపలేదు; జరిగినదానిని దాచనూ లేదు. వేరుగా భద్రపరచిన ప్రతులనుండి అన్నిటిని మరల నిలుపుకొనెను. అయినను మొదటి వారపు నష్టమే 30 నుండి 35 కోట్ల నార్వే క్రోనులని అంచనా వేసిరి.

చెల్లించినవారి మాట యేమి? 2021 మే నెలలో అమెరికాలో ఇంధనమును గొట్టముల ద్వారా చేరవేయు కొలోనియల్ పైప్‌లైన్ సంస్థ సుమారు 44 లక్షల డాలర్లు ఇచ్చి తెరచు సాధనమును పొందెను. అది ఎంత మందకొడిగా పనిచేసెననగా, సంస్థ తన స్వంత ప్రతులనే ఆశ్రయింపవలసి వచ్చెను. దొంగలు ప్రవేశించినది వాడుకలో లేని ఒక పాత ఖాతా ద్వారా. దానికి పాస్‌వర్డు తప్ప రెండవ గుర్తింపు అడుగు ఏర్పాటు లేకుండెను.

కాబట్టి సిద్ధపాటులో ముఖ్యమైనది ప్రతి. ఎల్లప్పుడు కంప్యూటరుకు తగిలించియుంచిన డిస్కులోని ప్రతి చాలదు. దానికిని అదే తాళము పడును. మొత్తము మూడు ప్రతులు, రెండు రకముల సాధనములలో, ఒకటి వేరొకచోట ఉండవలెనని నిపుణులందురు. వానిలో ఒకటియైనను నెట్‌వర్కునుండి విడిగా ఉండవలెను. ఆ ప్రతినుండి అప్పుడప్పుడు ఒక ఫైలును నిజముగా తిరిగి తెచ్చి చూచుట పలువురు మరచు పని. ప్రోగ్రాములలోని లోపములకు తయారీదారులు ఇచ్చు సవరణలను వెంటనే వేసికొనుటయు అంతే అవసరము. 2017 మే నెలలో 'వన్నాక్రై' దాదాపు 150 దేశములలో వ్యాపించి, ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లలో కొన్నింటిని కూడ పట్టెను. దానిని అడ్డగించు సవరణను మైక్రోసాఫ్టు రెండు నెలల ముందే, మార్చిలో విడుదల చేసియుండెను.

ఇటీవల దొంగలు తాళము వేయుటకు ముందే ఫైళ్లను తామును తీసికొని, బయటపెట్టుదుమని బెదిరించుచున్నారు. దీనికి మన ప్రతులు అక్కరకు రావు. అవసరము తీరిన ఖాతాదారుల వివరములను పోగుచేసి ఉంచకుండుట కొంత రక్షణ.

ఆపద వచ్చినచో ముందుగా ఆ కంప్యూటరును నెట్‌వర్కునుండి విడదీయవలెను. 2022 నాటి ఉత్తర్వుల ప్రకారము మన దేశములోని సంస్థలు ఆరు గంటలలో సెర్ట్-ఇన్ అను కేంద్ర సంస్థకు తెలుపవలెను. మూయబడిన ఫైళ్లను పారవేయరాదు. 2016లో యూరోపోల్, నెదర్లాండ్స్ పోలీసులు మొదలగువారు ఆరంభించిన 'నో మోర్ రాన్సమ్' అను ఏర్పాటునందు కొన్ని రకముల తాళములకు తెరచు సాధనములు ఉచితముగా దొరకును. నేడు తెరువరానిది కొంతకాలమునకు తెరచుకొనవచ్చును.