బోర్బన్ విస్కీ: మొక్కజొన్న గింజ నుండి గ్లాసు వరకు

2025 ఫిబ్రవరిలో భారత ప్రభుత్వం బోర్బన్ విస్కీపై దిగుమతి సుంకాన్ని 150 శాతం నుండి 100 శాతానికి తగ్గించింది. అప్పటి నుండి ఈ పేరు మన పత్రికలలో తరచుగా కనిపిస్తున్నది. బోర్బన్ అనగా ఖరీదైన విదేశీ మద్యమని చాలామందికి తెలుసు. కాని అది ప్రధానంగా మొక్కజొన్న నుండి తయారవుతుందని, అందులో మొక్కజొన్న పాలు ఎంత ఉండాలో చట్టమే నిర్దేశిస్తుందని తెలిసినవారు తక్కువ. పొలంలోని గింజ గుణం తుది ఉత్పత్తి రుచిలో ఎంతవరకు నిలుస్తుందనే ప్రశ్నకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకడం కష్టం. ఈ వ్యాసంలో బోర్బన్‌ను ఆ దృష్టితోనే పరిశీలించడం జరిగింది.

అమెరికా నిబంధనల ప్రకారం బోర్బన్ తయారీకి వాడే ధాన్య మిశ్రమంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. స్వేదనంలో ఆల్కహాలు 80 శాతానికి మించరాదు. పీపాలో పోసేటప్పుడు 62.5 శాతానికి మించరాదు, సీసాలో నింపేటప్పుడు 40 శాతానికి తగ్గరాదు. నిల్వచేసే పాత్ర లోపలి వైపు కాల్చిన కొత్త ఓక్ కలపతో చేసినదై ఉండాలి. రంగు గాని, రుచి పదార్థాలు గాని కలపరాదు. 1964లో అమెరికా కాంగ్రెసు దీనిని ఆ దేశపు విశిష్ట ఉత్పత్తిగా ప్రకటిస్తూ తీర్మానం చేసింది. బోర్బన్ కెంటకీలోనే తయారు కావాలనే నియమం ఏదీ లేదు. అమెరికాలో ఎక్కడైనా చేయవచ్చు. అయినప్పటికీ అత్యధిక భాగం కెంటకీ నుండే వస్తున్నది. పద్దెనిమిదవ శతాబ్దం చివర అక్కడ స్థిరపడిన రైతులకు మొక్కజొన్న బాగా పండేది గాని, కొండదారుల మీదుగా ధాన్యాన్ని తరలించడం గిట్టుబాటయ్యేది కాదు. అదే ధాన్యాన్ని సారాగా మారిస్తే బరువు తగ్గేది, విలువ పెరిగేది, పురుగు పట్టేది కాదు.

మొక్కజొన్నకు తోడుగా రై అనే శీతల ప్రాంత ధాన్యాన్ని గాని, గోధుమను గాని, వాటితోపాటు మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని కొద్దిగా గాని కలుపుతారు. మొక్కజొన్న తీపిని, రై మిరియాలను పోలిన ఘాటును, గోధుమ మెత్తదనాన్ని ఇస్తాయి. బార్లీ పని రుచి కంటె ముఖ్యంగా పిండి పదార్థాన్ని చక్కెరగా మార్చే ఎంజైములను అందించడం. మేకర్స్ మార్క్ అనే సంస్థ 70 శాతం మొక్కజొన్న, 16 శాతం గోధుమ, 14 శాతం బార్లీ వాడుతుంది. ఫోర్ రోజెస్ సంస్థ వాడే రెండు మిశ్రమాలలో ఒకదానిలో రై 20 శాతం, మరొకదానిలో 35 శాతం. ఈ అంకెలు తెలిసినవారికి సీసా తెరవకముందే రుచి కొంత ఊహకు అందుతుంది.

మొక్కజొన్న పిండిని ముందుగా నీటిలో మరిగే స్థాయికి దగ్గరగా ఉడికించి జావ చేస్తారు. వేడి తగ్గిన తరువాత రై లేదా గోధుమను, సుమారు 65 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద బార్లీని చేరుస్తారు. అంతకు మించిన వేడిలో బార్లీ ఎంజైములు నశిస్తాయి. ఈ దశలోనే గత విడత స్వేదనంలో మిగిలిన పుల్లని తేటను కొంత కలుపుతారు. దీనినే పుల్ల గంజి పద్ధతి అంటారు. చూడటానికి ఇది పాలలో తోడు వేసినట్లుంటుంది గాని, పోలిక సరికాదు. ఆ తేట మరిగి వచ్చినది కనుక అందులో ఈస్టు బతికి ఉండదు. ఈస్టును వేరుగా కలపవలసిందే. తేట ఇచ్చేది ఆమ్లత మాత్రమే. ఆమ్లత అక్కరలేని బాక్టీరియాను అదుపులో ఉంచుతుంది. మన తరవాణి కుండ చెడిపోకుండా నిలవడానికి కారణమూ ఇదే. ఈ పద్ధతిని కొలతలతో, క్రమంతో స్థిరపరచిన ఘనత పందొమ్మిదవ శతాబ్దంలో కెంటకీలో పనిచేసిన జేమ్స్ క్రో అనే స్కాట్లాండ్ వైద్యుడికి దక్కింది. కెంటకీ సున్నపురాయి నేలల నీటిలో కాల్షియం ఎక్కువ, ఇనుము అతి తక్కువ. ఇనుము ఉంటే విస్కీ నల్లబడి రుచి చెడుతుంది.

మూడు నుండి ఐదు రోజులు పులిసిన గంజిని స్తంభాకార యంత్రంలో స్వేదనం చేస్తారు. 80 శాతం పరిమితికి గల అర్థం ఇక్కడ తెలుస్తుంది. 95 శాతం వరకు శుద్ధిచేస్తే మొక్కజొన్న నుండి తీసినా, చెరకు మొలాసిస్ నుండి తీసినా స్పిరిట్‌లో తేడా దాదాపు మిగలదు. గింజ వాసన నిలవాలంటే శుద్ధి ఒక హద్దులో ఆగాలి.

యంత్రం నుండి వచ్చే స్పిరిట్ నీటివలె తెల్లగా ఉంటుంది. రంగంతా పీపా ఇచ్చేదే. సుమారు 200 లీటర్లు పట్టే ఈ పీపాలను అమెరికా తెల్ల ఓక్ కలపతో చేస్తారు. ఈ కలప నాళాలను టైలోసులు అనే పొరలు మూసివేస్తాయి కనుక పీపా కారదు. ఎర్ర ఓక్‌లో ఈ పొరలు సరిగా ఏర్పడవు, అందుచేత అది పనికిరాదు. పీపా లోపలి భాగాన్ని ఒక నిమిషం లోపు మంటతో కాలుస్తారు. పైపొర బొగ్గై స్పిరిట్‌లోని గంధక సమ్మేళనాలను పీల్చుకుంటుంది. దాని వెనుక కలపలోని లిగ్నిన్ విచ్ఛిన్నమై వెనీలా వాసననిచ్చే వెనిలిన్‌గా, హెమీసెల్యులోజు మాడిన పంచదార వాసనగల పదార్థాలుగా మారుతాయి. ఓక్‌లో సహజంగా ఉండే లాక్టోన్లు కొబ్బరి వాసననిస్తాయి. వేసవిలో స్పిరిట్ వ్యాకోచించి కలపలోకి చొచ్చుకుపోతుంది, చలికాలంలో వెనుకకు వస్తుంది. కెంటకీలో ఏటా 3 నుండి 5 శాతం ఆవిరైపోతుంది. దానిని దేవదూతల వాటా అంటారు. బెంగళూరులో మాల్ట్ విస్కీ నిల్వచేసేవారు తమ వద్ద ఈ వాటా 10 శాతం దాటుతుందని చెబుతారు. మన దేవదూతల దాహం కొంచెం ఎక్కువ.

ఇంత పీపా మహిమ విన్న తరువాత గింజ ఏదైనా ఒకటేనని అనిపించవచ్చు. పరిశ్రమలోనూ చాలాకాలం ఈ భావనే ఉంది. దిగుబడి కోసం రూపొందించిన పసుపు డెంట్ హైబ్రిడ్‌లనే అందరూ కొంటారు. అయితే టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు పాల్గొని 2019లో ప్రచురించిన పరిశోధనలో, మొక్కజొన్న రకాన్ని బట్టి, పండిన పొలాన్ని బట్టి పీపాలో పోయని స్పిరిట్ రుచి మారుతున్నట్లు తేలింది. దక్షిణ కరోలినాలో దాదాపు అంతరించిన జిమ్మీ రెడ్ అనే ఎర్ర మొక్కజొన్న బోర్బన్ తయారీ వల్లనే తిరిగి పొలాలకు చేరింది. దిగుబడి తక్కువైన దేశవాళీ రకానికి రుచి కారణంగా ధర పలికితే అది నిలుస్తుందనడానికి ఇది నిదర్శనం.

గింజకు పీపా దిద్దలేని దోషం ఒకటి ఉంది. అది బూజు. ముక్కిన వాసన స్వేదనంలో ఆవిరితోపాటు దాటిపోయి సీసా వరకు వస్తుంది. అందుకే కొన్ని బట్టీలలో లారీ గేటు దాటకముందే నమూనా గింజలను వేడిచేసి వాసన చూస్తారు, తేమ కొలుస్తారు. బూజు విషమైన అఫ్లాటాక్సిన్ సంగతి దీనికి భిన్నం. అది స్పిరిట్‌లోకి రాదు, అడుగున మిగిలే పిప్పిలో ఉండిపోతుంది. గింజలోని ఘనపదార్థంలో సుమారు మూడింట రెండు వంతులు ఆల్కహాలుగా, బొగ్గుపులుసు వాయువుగా మారిపోతుంది గనుక పిప్పిలో విషం గాఢత దాదాపు మూడు రెట్లవుతుంది. ఆ పిప్పి పశువుల దాణా. తిన్న పాడిపశువు పాలలోకి ఆ విషం రూపం మార్చుకొని చేరుతుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలలో మొక్కజొన్న ఇప్పుడు ఇథనాల్ కర్మాగారాలకు వెళుతున్నది, వాటి పిప్పి కోళ్ల, పశువుల దాణాలోకి వస్తున్నది. ఇంధనాన్ని ఎవరూ రుచి చూడరు. అందువల్ల ముక్కుతో పట్టుకునే అవకాశం ఇక్కడ లేదు. కోత తరువాత గింజను 14 శాతం తేమ లోపుకు ఆరబెట్టడం, కల్లంలో వానకు తడవనీయకపోవడం, కర్మాగారం వద్ద పరీక్ష తప్పనిసరి చేయడం మనకు బోర్బన్ తయారీదారుల కంటె ఎక్కువ అవసరం.

రుచి చూసే పద్ధతి సులభం. మూతి సన్నగా, అడుగు వెడల్పుగా ఉన్న గ్లాసులో కొద్దిగా పోయాలి. ముక్కును గ్లాసులో దూర్చక, నోరు కొంచెం తెరిచి దూరం నుండే వాసన చూస్తే ఆల్కహాలు మంట అడ్డురాదు. ముందుగా వెనీలా, మాడిన పంచదార తెలుస్తాయి. ఇవి కలపవి. చిన్న గుక్కను నాలుకపై నిలిపితే మధ్యలో వచ్చే తీపి మొక్కజొన్నకు చెందుతుంది, చివర గొంతులో తగిలే ఘాటు రైకి చెందుతుంది. కొన్ని చుక్కల నీరు కలిపి మళ్లీ చూస్తే వాసనలు విడివడతాయి. రై ఉన్నది ఒకటి, గోధుమ ఉన్నది ఒకటి పక్కపక్కన ఉంచి చూస్తే తేడా వెంటనే పట్టుబడుతుంది. ఇందుకు రెండు చెంచాలకు మించి అవసరం లేదు. ఖాళీ గ్లాసును కడగక ఉంచి మరుసటి ఉదయం వాసన చూడాలి. ఆల్కహాలు పూర్తిగా పోయి, కాల్చిన కలప వాసన వెనుక ఎండిన కంకి వాసన సన్నగా మిగిలి ఉంటుంది.