కౌలాలంపూర్ వెళ్తున్నారా? పాస్‌పోర్టు మీ సంచిలోనే!

మా కోయిలకుంట్ల ఆడవాళ్ళు విమానం ఎక్కేది కొడుకు దగ్గరికో, కూతురి పురిటికో. పాస్‌పోర్టు, డబ్బులు, చిరునామా అన్నీ ఆయనగారి జేబులోనే! ఆయన రైలెక్కేసి మనం ప్లాట్‌ఫారం మీదే మిగిలిపోతే? మలేషియా రాజధాని కౌలాలంపూర్‌లో పది రోజులుండి వచ్చాక నేను చెప్పే మొదటి మాట ఇదే. మీ పాస్‌పోర్టు, కొన్ని రింగిట్లు, బస చిరునామా రాసిన కాగితం మీ సంచిలోనే ఉంచుకోండి.

2023 డిసెంబర్ 1 నుంచి మనవాళ్ళకు 30 రోజుల దాకా వీసా అక్కర్లేదు. ఈ సౌకర్యం 2026 చివరి వరకన్నారు, టికెట్ కొనేముందు మళ్ళీ కనుక్కోండి. అయితే ఇది చూసి రావడానికే సుమా! 'వీసా లేకుండా తీసుకెళ్ళి పని ఇప్పిస్తా'నంటే నమ్మకండి. కువైట్ కష్టాలు మన సీమ ఆడవాళ్ళకు తెలియనివా? దిగే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి, దానికి రుసుము లేదు. ఎవరో ఇచ్చిన పొట్లం మాత్రం మోయకండి. అందులో మత్తుమందు దొరికితే అక్కడ ఉరిశిక్ష దాకా పోవచ్చు.

భాషకు భయపడక్కర్లేదు. మలయ్ భాషను ఇంగ్లీషు అక్షరాల్లోనే రాస్తారు. 'కెలువార్' అంటే బయటికి దారి, 'తందాస్' అంటే మరుగుదొడ్డి. ఆడవాళ్ళ వైపు తలుపు మీద 'వనిత' అని చూసి నవ్వొచ్చింది నాకు, మన మాటే గదా!

బాటు గుహల్లో సుబ్రహ్మణ్యస్వామి దర్శనానికి 272 మెట్లెక్కాలి. ఎండ ముదరకముందే వెళ్ళండి. కోతులున్నాయి, సంచి జాగ్రత్త. అక్కడికి పోయే కొమ్యూటర్ రైళ్ళలో 2010 నుంచి ఆడవాళ్ళకు ప్రత్యేక పెట్టెలున్నాయి. శాకాహారులు కూరగాయల వంటకమైనా అడిగి తినండి, 'బెలచాన్' అనే రొయ్యల ముద్ద కలుపుతారు. చెనిక్కాయల పొడి ఉండబట్టి నేను రెండు పూటలు గట్టెక్కాను.