అద్దె కంప్యూటర్లలో ప్రోటీన్ బొమ్మలు

"పరిశోధన పెద్ద ల్యాబులున్నవాళ్ళకే, మనకెక్కడిది?" అని మన హాస్టల్ మిత్రులు తరచూ అంటుంటారు. ఈ మాట ఎంతవరకు నిజమో క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ ఉదాహరణతో చూద్దాం.

ప్రోటీన్ కలిసిన పలుచని నీటిపొరను సుమారు మైనస్ 180 డిగ్రీల ద్రవ ఈథేన్‌లో ముంచుతారు. స్ఫటికాలు కట్టేలోపే నీరు గాజులా బిగుసుకుంటుంది. అందులో చిక్కుకున్న ప్రోటీన్లను ఎలక్ట్రాన్లతో ఫోటో తీస్తారు. ఈ పద్ధతికి బాట వేసిన డ్యుబోషే, ఫ్రాంక్, హెండర్సన్‌లకు 2017లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది. 2020 ఫిబ్రవరిలో కోవిడ్ వైరస్ స్పైక్ ప్రోటీన్ ఆకారం తెలిసింది కూడా ఈ పద్ధతిలోనే.

అసలు పని ఫోటోలు తీశాకే మొదలవుతుంది. ఎలక్ట్రాన్లు ఎక్కువైతే ప్రోటీన్ పాడవుతుంది కనుక తక్కువ వాడతారు. దాంతో బొమ్మలు పొగమంచులో మనిషిలా మసకగా వస్తాయి. పైగా ఒక్కో ప్రోటీన్ ఒక్కో వైపు తిరిగి ఉంటుంది. లక్షల బొమ్మలను పోల్చి, ఒకే వైపు నుంచి కనబడేవాటిని జతచేసి సగటు తీసి, వాటి నుంచి నిడివి, వెడల్పు, లోతు గల ఆకారాన్ని కట్టాలి. డేటా టెరాబైట్లకు చేరుతుంది. ఒక్క సిస్టంతో అయ్యే పని కాదు.

పెళ్ళివంటకు గుండిగలు ఎవరూ కొనరు, టెంట్ హౌస్ నుంచి తెచ్చుకుంటారు. క్లౌడ్ కంప్యూటింగ్ కూడా అంతే. ఎక్కడో ఉన్న కంప్యూటర్లను ఇంటర్నెట్ ద్వారా గంటల లెక్కన అద్దెకు తీసుకోవడం. 2015లో సియాన్‌ఫ్రాకో, లెష్‌జినర్ అనే శాస్త్రజ్ఞులు అమెజాన్ క్లౌడ్‌లో 16 నుంచి 480కి పైగా ప్రాసెసర్లను కలిపి వాడుకునే ఏర్పాటు చేశారు. ఈస్ట్ రైబోజోమ్ డేటాతో పరీక్షించి, ఒక్కో ఆకారానికి 50 నుంచి 1500 డాలర్లు అవుతుందని అంచనా వేశారు.

1500 డాలర్లంటే మన లెక్కలో లక్ష దాటుతుంది, చవక అనలేం. ఆటో మీటరులా పని ఉన్నా లేకున్నా అద్దె తిరుగుతూనే ఉంటుంది. డేటా దాచినందుకూ అద్దే. మన హాస్టల్ నెట్‌తో టెరాబైట్లు పంపడం మరో యాతన! అయినా సొంత కంప్యూటర్ల గుంపు కొనలేని కాలేజీకి ఇదే దారి అని మా అభిప్రాయం.

డబ్బు పెట్టకుండానే మొదలుపెట్టవచ్చు. ఎంపయర్ అనే భాండాగారంలో అసలు ఫోటోలు ఎవరికైనా ఉచితం. రెలియన్ సాఫ్ట్‌వేరూ ఉచితమే. దానితోపాటు బీటా గెలాక్టోసిడేజ్ అనే ఎంజైమ్ మీద చిన్న డేటాతో పాఠం ఇస్తారు. ఇది లినక్స్ మీద నడుస్తుంది కనుక, సెలవుల్లో ప్రయత్నించదలచిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ముందు లినక్స్ కమాండ్లు నేర్చుకోవాలి. ఆ పని తెలిసిన పూర్వ విద్యార్థులు ఒక ఆదివారం వచ్చి కూర్చుంటే చాలు.