పరదా పట్ట మీది అంకెలు

మిరప కోతలు మొదలయ్యాయంటే నరసరావుపేట, మాచర్ల, గురజాల కొట్లలో పరదా పట్టలకు గిరాకీ మొదలవుతుంది. కొనేవాడు అడిగేవి రెండే: సైజెంత, ధరెంత. అమ్మేవాడు చెప్పేది ఒకటే: "ఇది హెవీ అండీ." ఎంత హెవీ అన్నది మాత్రం పట్ట అంచున అచ్చేసిన జీఎస్ఎం, డెనియర్ లాంటి మాటల్లో ఉంటుంది. ఓడలకు తెరచాపలు కుట్టేవాళ్లు మాట్లాడేదీ ఈ భాషే. గాలికీ ఎండకూ వానకూ నిలవాల్సిన బట్టకు కల్లమైనా ఓడైనా పరీక్షలు అవే మరి.

మొదటిది జీఎస్ఎం. ఒక చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే అంకె. దీన్ని ఎవరి మాటా నమ్మనక్కర్లేకుండా కొట్లోనే తేల్చుకోవచ్చు. 24 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు పట్ట అంటే సుమారు 40 చదరపు మీటర్లు. 250 జీఎస్ఎం అయితే పది కిలోలు తూగాలి. కాటా మీద ఏడున్నర కిలోలే చూపించిందంటే అది 190 లోపు సరుకు, అచ్చులో ఏమున్నా సరే. కొందరు జీఎస్ఎం ఊసెత్తకుండా మైక్రాన్లు చెబుతారు. అది మందం లెక్క, వేలితో నొక్కి తెలుసుకునేది కాదు. కాటా లెక్కే మేలు.

కాటాను కూడా మోసం చేసే దారి ఒకటుంది. మామూలు నీలం, పసుపు పట్టలు హెచ్‌డీపీఈ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. అందులో ధర తగ్గడానికి కాల్షియం కార్బొనేట్ పొడి కలుపుతారు. పిడుగురాళ్ల బట్టీల్లో కాల్చే సున్నపురాయిలో ఉండేదీ ముఖ్యంగా అదే. కొద్దిగా కలిస్తే ఇబ్బంది లేదు. ఎక్కువైతే బరువు పెరుగుతుంది, బలం తగ్గుతుంది. అంచున చిన్న ముక్క కత్తిరించి, గాలి బుడగలు పోయేలా నలిపి నీళ్లలో ముంచి చూడండి. హెచ్‌డీపీఈ నీటికన్నా తేలిక, పైకి రావాలి. అడుక్కి పోయిందంటే పొడి వాటా గట్టిగానే ఉన్నట్టు.

ఇక నేత. పట్టను వెలుతురుకు పట్టి చూస్తే సన్నని ప్లాస్టిక్ రిబ్బన్లు పడుగూ పేకగా అల్లుకుని కనిపిస్తాయి. దాని రెండు వైపులా పల్చటి ప్లాస్టిక్ పొర పోస్తారు. నీటిని ఆపేది ఆ పొర, లాగుడును మోసేది నేత. రిబ్బన్ లావు చెప్పేది డెనియర్: 9000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. అంకె పెరిగితే పోగు లావు. చిలకలూరిపేట నూలు మిల్లుల్లో పనిచేసినవాళ్లకు ఇది తిరకాసుగా అనిపిస్తుంది, ఎందుకంటే వాళ్ల కౌంట్ లెక్కలో అంకె పెరిగితే నూలు సన్నబడుతుంది.

నేసిన బట్టకు పుట్టు బలహీనత ఒకటి. పడుగు దిక్కున లాగినా పేక దిక్కున లాగినా నిలుస్తుంది, మూల నుంచి మూలకు లాగితే సాగిపోతుంది. తెరచాపకు ఇదే పెద్ద జబ్బు. సాగిన చాప ఆకారం చెడి గాలిని సరిగా పట్టదు. అందుకే చాపబట్టను బిగువుగా నేసి జిగురు పట్టిస్తారు, లేదా నేతకు పాలిస్టర్ ఫిల్మ్ అతికిస్తారు. కల్లంలో గాలివాన వచ్చి పట్ట మూలలకు కట్టిన తాళ్లు గుంజినప్పుడు జరిగేదీ అదే. ముందు రింగుల దగ్గర చిరుగు పడుతుంది, అక్కడి నుంచి నేత వెంట పాకుతుంది. నేతే లేకుండా ప్లాస్టిక్ పొరలను ఒకదానిపై ఒకటి అడ్డంగా తిప్పి అతికించిన పట్టలు వస్తున్నాయి. సిల్పాలిన్ అన్న పేరుతో జనానికి తెలిసింది ఆ రకమే. ఏ దిక్కున లాగినా బలం దాదాపు సమంగా ఉంటుంది గనుక, గాలికి కట్టే పైకప్పుకు నేనైతే దాన్నే ఎంచుకుంటాను. కాయలు ఆరబోయడానికి కింద పరిచేందుకు నేత పట్ట చాలు.

వీటికి ముందు రాజ్యమేలింది పత్తి కాన్వాస్. 1851 ఆగస్టులో ఇంగ్లండు తీరాన వైట్ ద్వీపం చుట్టూ జరిగిన పందెంలో 'అమెరికా' అనే పడవ నెగ్గింది. బ్రిటిష్ పడవలవి అవిసె నార చాపలు, దానివి మరమగ్గం మీద బిగువుగా నేసిన పత్తి చాపలు. గెలుపులో పడవ రూపానికీ వాటా ఉంది గానీ, ఆ తర్వాత పందెం పడవలవాళ్లు పత్తి వైపు తిరిగారు. ఇప్పుడు పల్నాడు చేలల్లో పండుతున్న బీటీ పత్తిదీ అమెరికన్ పత్తి జాతే. 1941లో పాలిస్టర్ కనిపెట్టాక, 1950ల నుంచి తెరచాపల్లో పత్తి వెనక్కి తగ్గింది.

ప్లాస్టిక్‌కు లేని గుణమొకటి కాన్వాస్‌కు ఉంది. తడవగానే నూలు ఉబ్బి సందులు మూసుకుంటాయి, ఆరితే మళ్లీ గాలి ఆడుతుంది. ప్లాస్టిక్ ఊపిరాడనివ్వదు. పూర్తిగా ఆరని కాయల మీద రాత్రి కప్పితే తెల్లారేసరికి పట్ట అడుగున చెమట పడుతుంది, ఆ చెమ్మకే బూజు, ఆ బూజు నుంచే అఫ్లాటాక్సిన్ అనే విషం భయం. అందుకే పొద్దెక్కకముందే పట్ట తీసి కాయలను గాలికి వదలాలి. కాన్వాస్ మాత్రం తడిస్తే ఇద్దరు మోయలేనంత బరువు, మడిచి మూల పడేస్తే కుళ్లిపోతుంది. ధర సంగతి చెప్పనే అక్కర్లేదు.

మిగిలింది యూవీ. వేసవి వచ్చిందంటే రెంటచింతల పేరు వాతావరణ వార్తల్లో మోగుతుంది గానీ, పట్టను తినేది వేడికన్నా ఎండలోని అతినీలలోహిత కిరణాలు. అవి ప్లాస్టిక్ అణుగొలుసులను తెంపుతాయి. పట్ట రంగు వెలిసి, నలిపితే పొడి రాలుతుంది. దీన్ని ఆపడానికి తయారీలోనే యూవీ స్టెబిలైజర్ కలుపుతారు. అది కలిసిందీ లేనిదీ కంటికి కనబడదు, కాటాకు అందదు. తయారీదారు పేరు, ఐఎస్ఐ గుర్తు ఉన్న పట్ట తీసుకుని, గ్యారంటీ కాలం బిల్లు మీదే రాయించుకోండి.